దగ్గరివాళ్ళకి వినపడని వేళ

రేడియో బిగించిన ముసలాయన, అబ్సలోన్,
వెళ్తూ వెళ్తూ పడవలోంచి అన్నాడు:
"ఈ తీగ శాన్ లొరెంజోతో మాట్లాడదమ్మా,
ఆకాశంతో మాట్లాడుతుంది.
దానికి బుద్ధి పుడితే వాళ్ళకి చెబుతుంది."

నవ్వాను అప్పుడు.
మొరోనా నది ఒడ్డున మా ఆరోగ్య కేంద్రం
నాలుగు గుంజలు, రేకుల కప్పు,
ఒక సోలార్ పలక, ఒక లారీ బ్యాటరీ,
రెండు పోనా చెట్ల నడుమ లాగి కట్టిన తీగ.
బట్టలు ఆరేయొద్దని రాసిపెట్టాను.
ఆరేస్తూనే ఉంటారు.

పదేళ్ళు పట్టింది ఆయన మాట అర్థం కావడానికి.
మూడు వందల కిలోమీటర్ల ఎత్తున
ఎండ గాలిని విరిచి ఒక కప్పు వేస్తుంది.
కంటికి ఆనదు, వానకి తడవదు.
పగలు అది గట్టిది. నా గొంతు
నిట్టనిలువునా ఎక్కి, తగిలి,
చుట్టూ అడవి మీద జల్లులా దిగుతుంది.
మిట్టమధ్యాహ్నం దాని కింద ఇంకో పొర లేచి
మాటలో సగం మింగేస్తుంది,
అందుకే పురుళ్ళ లెక్కలు పొద్దున్నే అప్పజెప్తాను.
పొద్దుగూకాక కప్పు పాలపొంగులా లేస్తుంది,
అవతల ఫ్లోరిసెల్డా గొంతు
నీళ్ళలోంచి వచ్చినట్టు వణుకుతుంది,
"మళ్ళీ చెప్పు" తప్ప ఏదీ చేరదు.

తెల్లవారుజాము వేరు.
ఎండ ముఖం చూసి అప్పటికి పది గంటలు.
కప్పు పల్చబడి, చిరుగులు పడి,
నిటారుగా వెళ్ళిన మాటని ఆపలేదు;
అది చుక్కల్లోకి పోతుంది.
ఏటవాలుగా వెళ్ళినదాన్ని మాత్రం
ఎక్కడో, ఎవరి వాకిట్లోనో దింపుతుంది.

సరిగ్గా ఆ వేళకే
యాంపిస్ కొడుకుని మోసుకొచ్చారు.
తొమ్మిదేళ్ళు. వల చూడ్డానికి దిగాడట.
మడమ పైన రెండు గాట్లు: హెర్గోన్ పాము.
మోకాలి దాకా వాపు, చిగుళ్ళలో నెత్తురు.
విరుగుడు సీసాకి గడువు దాటిందని తెలుసు,
అయినా పెట్టె తెరిచి చూశాను.

శాన్ లొరెంజో, శాన్ లొరెంజో.
నూటపాతిక కిలోమీటర్లు.
ఫ్లోరిసెల్డా సెట్టు పక్కనే పడుకుంటుంది,
ఈల వినిపిస్తే చాలు లేస్తుంది.
ఈల కూడా చేరలేదు.
దీపం కింద చీకటి అంటారే,
ఆ చీకట్లో ఉంది ఆమె మంచం.

అప్పుడొక మగ గొంతు, పక్కగదిలోంచి వచ్చినంత స్పష్టంగా:
"నాకు వినిపిస్తోంది. చెప్పండి."
ఎలియోదోరో. చిలీలో తల్తాల్ రేవు,
చేపల సంఘానికి రాత్రి కాపలా.
రెండు వేలకు పైగా కిలోమీటర్లు.
పాము పేరు రెండుసార్లు అడిగాడు.
నది పేరు అక్షరం అక్షరం రాసుకున్నాడు.
"ఫోన్ చేస్తాను, అక్కడే ఉండండి" అన్నాడు,
నేనేదో ఎక్కడికో పోయేదానిలా.

నలభై నిమిషాలు.
పిల్లాడు నా వేలు పట్టుకుని
కప్పుకి ఎన్ని రేకులో లెక్కపెట్టాడు, రెండుసార్లు తప్పాడు.

"లేపాను ఆమెని. మందుతో పడవ బయల్దేరింది.
మీరూ దిగండి, సగం దారిలో కలవండి."

(కలిశారు, పదకొండింటికి, ఒక ఇసకదిబ్బ దగ్గర.
బతికాడు. కాలు కాస్త ఈడుస్తాడు,
బంతాటలో దాన్నే సాకుగా చూపిస్తాడు.)

రేవులో పెకె-పెకె ఇంజను అందుకుంది,
నన్ను కేకేస్తున్నారు. తూరుపు తెలుపెక్కుతోంది.
ఎలియోదోరో గొంతు సన్నబడుతోంది.
కప్పు మళ్ళీ గట్టిపడితే దగ్గరివాళ్ళు తిరిగొస్తారు,
దూరపువాళ్ళు కరిగిపోతారు.
కృతజ్ఞత చెప్పబోయాను.
ఆయన అడ్డుపడి అడిగాడు:
"అక్కా, మీ వెనక ఆ చప్పుడేంటి?
వానేనా?
మా ఊళ్ళో అది పడి ఏళ్ళయింది."

మీట నొక్కిపట్టి,
బల్ల మీదికెక్కి,
మైకు రేకుల దాకా ఎత్తి పట్టుకున్నాను.